పాటలమ్మగారి ఊళ్ళ మీదుగా

నర్సాపురంలో పాటలమ్మగారు కన్నుమూసి ఈ మాఘమాసానికి ఏడాది నిండింది. ఆవిడను అసలు పేరుతో పిలిచినవారు ఊళ్ళో బహు తక్కువ. పెళ్ళి ఊరేగింపుల్లోనూ, తీర్థాల్లోనూ, క్రిస్మస్ రాత్రుల్లోనూ భర్త క్లారినెట్ వాయిస్తుంటే పక్కన నిలబడి జాజ్ అనే అమెరికా సంగీత పద్ధతిలో పాడిన ఆ గొంతుకు ఊరు పెట్టుకున్న పేరే ఆవిడ పేరైపోయింది. మా పెళ్ళి ఊరేగింపులో వాయించిన బ్యాండు కూడా వారిదే. ద్వాదశి ఆదివారం నాడు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నామనీ, వీలైతే ఇద్దరూ కలిసి రావలసిందనీ ఆవిడ భర్త, మేము మాస్టారని పిలిచే ఆయన, ఫోను చేయించినప్పుడు, నేనూ మా ఆవిడా మరో మాట అనుకోకుండా బయలుదేరాము. అంతర్వేది కళ్యాణం కూడా అదే వారంలో పడింది కనుక, తిన్నగా నర్సాపురం వెళ్ళకుండా రాజమహేంద్రవరంలో రైలు దిగి, కారు మాట్లాడుకుని, ఆవిడ పాడిన ఊళ్ళ మీదుగా వెళ్ళాలని నిశ్చయించుకున్నాము.

మాఘ శుద్ధ నవమి, గురువారం: ధవళేశ్వరం, లొల్ల, ఆత్రేయపురం

రాజమహేంద్రవరం వచ్చి రోజ్ మిల్క్ తాగకుండా ఊరు దాటడం మా ఇంటా వంటా లేదు. మెయిన్ రోడ్డులో గ్లాసు 40 రూపాయలు పుచ్చుకున్నారు. ఉదయం ఎనిమిదింటికే బల్లల దగ్గర జనం నిలబడి ఉన్నారు. అక్కడినుంచి ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వైపు దిగాము.

1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన కాటన్ ఆనకట్ట గురించి గోదావరి జిల్లాలవారికి కొత్తగా చెప్పవలసినది లేదు. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడు బ్యారేజీ ఉన్నా, ఆ దొరను భగీరథుడితో పోల్చి స్మరించే శ్లోకం ఇంకా స్నానఘట్టాల్లో వినబడుతూనే ఉంది. మేము తలుచుకున్నది మాత్రం ఆ ఆనకట్టనుంచి పుట్టిన కాలువలను. వాటి మీద ఒకప్పుడు ధాన్యమే కాదు, పెళ్ళివారు కూడా పడవల్లో తిరిగేవారు. పెళ్ళివారితోపాటు బ్యాండు కూడా పడవలోనే వెళ్ళేది. డ్రమ్ములు తడవకుండా పడవ మధ్యలో పెట్టి, వాటి చుట్టూ మనుషులు కూర్చుని, రాత్రంతా ప్రయాణం చేసి తెల్లారేసరికి పెళ్ళి ఊరు చేరేవాళ్ళమని మాస్టారు చెప్పేవారు.

లొల్ల లాకుల దగ్గర కారు ఆపించాము. చెట్ల నీడలో కాలువ పాయలుగా విడిపోయే ఆ చోటు సినిమావాళ్ళకు ఇష్టమైన స్థలం కావడంతో చాలామందికి పరిచయమే. లాకుల పక్కన టీకొట్టు పెట్టుకున్న పెద్దాయన తండ్రి అక్కడే లస్కరుగా, అంటే లాకు తలుపులు తీసి మూసేవాడిగా, పని చేశాడట. నర్సాపురం వెళుతున్నామని, ఎందుకు వెళుతున్నామో కూడా చెప్పేసరికి ఆయన గిన్నె దింపి మా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"ఆయ్, నాకు బాగా గుర్తండి. పడవ లాకులోకొచ్చాక నీళ్ళు సమం అయ్యేదాకా తలుపులు తియ్యకూడదు గదండీ. అప్పుడు ఆవిడ పాడేదండి. నీళ్ళు సమం అయిపోయినా పాట అయ్యేదాకా మా నాయన తలుపు తీసేవోడు కాదండి. ఎనకాల పడవలోళ్ళు కేకలేస్తా ఉండేవోరు."

ఆమె పాడిన పాట ఏదో గుర్తుందా అని మా ఆవిడ అడిగింది. మాటలేవీ లేవనీ, ఊరికే గొంతుతో బాకా ఊదినట్టు ఉండేదనీ, అయినా ఏడుపొచ్చేదనీ ఆయన అన్నాడు. టీకి డబ్బులు తీసుకోనని పట్టుబట్టాడు. అక్కడే ఆడుకుంటున్న మనవరాలి చేతిలో మా ఆవిడ 50 రూపాయలు పెట్టగా, ఆ పిల్ల తాత మొహం చూసి, ఆయన తల ఊపాక మాత్రమే గుప్పిట మూసింది.

ఆత్రేయపురంలో పూతరేకులు కొనుక్కుని వెళ్ళిపోవడం సులువే గాని, చుట్టడం కాసేపు కూర్చుని చూడదగిన పని. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పలుచగా రుబ్బి జార్చిన బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగితే, కన్ను మూసి తెరిచేలోగా ఆరిపోయి, అంచు లేచి, రేకు చేతికి వచ్చేస్తుంది. మంట కొంచెం ఎక్కువైతే రేకు చిల్లులు పడుతుంది, తక్కువైతే కుండను వదలదు. పొద్దుటినుంచి ఆ సెగ ముందు కూర్చున్న ఇల్లాలి ముంజేతులు ఎర్రబడి ఉన్నాయి. బెల్లం, నెయ్యి, జీడిపప్పు వేసినవి పది 220 రూపాయలు. మాస్టారికి చక్కెర వ్యాధి ఉన్నా పూతరేకు అంటే ప్రాణమని తెలుసు కనుక, ఆయన కోసం విడిగా ఒక చిన్న పెట్టె కట్టించాము. ఆ రాత్రి బస అంబాజీపేటలో.

దశమి, శుక్రవారం: అంబాజీపేట, శంకరగుప్తం

అంబాజీపేట వెళ్ళినవారు పొట్టిక్కలు తినాలి. పనసాకులను పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. విప్పగానే ఆకు వాసన పిండికంతా పట్టి ఉంటుంది. నాలుగు పొట్టిక్కలు, కొబ్బరి పచ్చడి, అల్లం పచ్చడి కలిపి 60 రూపాయలు. కొట్టు యజమాని ప్రతి ఒక్కరి ఆకు దగ్గరికీ స్వయంగా వచ్చి "ఇంకోటి ఎయ్యనాండి, మొహమాటపడకండి" అని అడుగుతూనే ఉన్నాడు. వద్దన్నా వేసి, వేసినదానికి డబ్బు అడగకపోవడం కోనసీమ పద్ధతి.

రాజోలు దాటాక, మలికిపురం వైపు కల్వర్టు పని జరుగుతుండడంతో దారి మళ్ళించారు. గంటసేపు కొబ్బరితోటల మధ్య, చేపల చెరువుల గట్ల మీద తిరిగాము. ఒక మలుపులో ఉడకబెట్టిన తేగల కట్టలు పెట్టుకుని కూర్చున్న ముసలమ్మను దారి అడిగితే, ముందు ఒక తేగను చీల్చి చంద్రం తీసి మా ఆవిడ చేతిలో పెట్టి, తినేదాకా ఆగి, తరువాత దారి చెప్పింది. కట్ట 30 రూపాయలు. రెండు కట్టలు తీసుకున్నాము.

శంకరగుప్తం వెళ్ళాలన్నది నా పట్టుదల. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు 1930లో పుట్టింది ఆ ఊళ్ళోనే. తల్లి వీణ వాయించేవారు, తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువు. పసికందుగా ఉన్నప్పుడే తల్లి పోతే తండ్రి సంరక్షణలో పెరిగి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర నేర్చుకుని, ఎనిమిదేళ్ళకే కచేరీ చేసి, తరువాత 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు కట్టిన మనిషి. పాటలమ్మగారికీ ఆయనకూ పరిచయం లేదు. అయినా ఆవిడ కథలో ఆయనకు చోటుంది. ఇంట్లో రేడియోలో బాలమురళి స్వరకల్పన వస్తే ఆవిడ అల్లుతున్న లేసు ఒళ్ళో వదిలేసి వినేవారు. "ఆయన మనోధర్మం, మా వాళ్ళ జాజ్ ఒక్క గూటివే. రాగం గీసిన గీత దాటకుండా ఆయన పారిపోతాడు, వరస గీసిన గీత దాటకుండా మేం పారిపోతాం" అని ఒకసారి నాతో అన్నారు. అప్పట్లో నాకు సగమే అర్థమైంది. శాస్త్రీయ సంగీతం తెలిసినవారు ఈ పోలికను ఒప్పుకోకపోవచ్చును. ఆ రెండింటిలోనూ పాడుతున్న క్షణంలోనే పాట పుడుతుందన్నంతవరకు ఆవిడ మాట నిజమేనని నేను నమ్ముతాను.

ఊరి అరుగు మీద పేపరు చదువుతున్న పెద్దమనిషొకరు, బాలమురళి కోసం వచ్చామని వినగానే మజ్జిగ తెప్పించి, ఊరి పేరు ప్రపంచమంతా మోగించాడని ఆయన గురించి అరగంట చెప్పారు. పుట్టిన ఊళ్ళో మనిషిని ఇలా తలుచుకునేవారు ఒక్కరున్నా చాలునని మా ఆవిడ కారెక్కుతూ అంది.

దశమి రాత్రి, ఏకాదశి: అంతర్వేది

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట లక్ష్మీనరసింహస్వామి కొలువు. దశమి రాత్రి కళ్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. దారి పొడవునా ఎడ్లబళ్ళు, ట్రాక్టర్లు, తలమీద మూటలు పెట్టుకుని నడిచేవారు. మేము బస చేసింది తెలిసినవారి బంధువుల ఇంట్లో. ఆ ఇంటి అరుగులు, పెరడు, పశువులపాక కూడా ముఖపరిచయం లేని యాత్రికులకు వదిలేసి, వీధిలో రెండు పెద్ద గాబుల నిండా మంచినీళ్ళు పెట్టి, ఇంటివారు మాత్రం వంటింట్లో సర్దుకున్నారు. రాత్రి భోజనంలో కంద బచ్చలికూర, పనసపొట్టు ఆవకూర, ముద్దపప్పు, గడ్డపెరుగు. కంద బచ్చలిలో ఆవ ఘాటు సరిగ్గా ముక్కుదాకా వచ్చి ఆగింది. అంతటి చేతివాటం ఉన్న ఇల్లాలు "ఏదో ఉన్నదే పెట్టామండి" అని నొచ్చుకుంది.

ఆ దంపతుల పెళ్ళయి యాభై ఏళ్ళు దాటింది. కళ్యాణ ముహూర్తం వేళకు ఇద్దరూ పట్టుబట్టలు కట్టుకుని, గుడి దాకా నడవలేరు కనుక, మైకులో మంత్రం వినబడుతుండగా వీధి గుమ్మంలో పక్కపక్కన నిలబడి అక్షింతలు వేసుకున్నారు. మమ్మల్ని కూడా పిలిచి నిలబెట్టారు. మా ఆవిడ నెత్తిన పడిన అక్షింతలను ఆ పెద్దావిడే ఏరి, "దులపకూడదమ్మా, వాటంతట అవే రాలాలి" అని జడలో సర్దింది.

పాటలమ్మగారు క్రైస్తవురాలు. అయినా ఈ తీర్థంలో ఆవిడ చాలా ఏళ్ళు పాడారు. గుళ్ళో కాదు, తీర్థం బజారులో, జీళ్ళ కొట్లకు అవతల వేసిన పందిట్లో. కళ్యాణం చూసి వచ్చిన జనం తెల్లవారేదాకా అక్కడే కూర్చునేవారని మా ఇంటి యజమాని చెప్పాడు. సినిమా పాట అడిగితే సినిమా పాటే మొదలుపెట్టేవారు. రెండో చరణానికి వచ్చేసరికి అది సినిమాలోని పాటలా ఉండేది కాదు. తాళానికి వెంట్రుకవాసి వెనక నడిచేది, ఎక్కడో పడిపోతుందేమోనని జనం ఊపిరి బిగబట్టేవారు, సరిగ్గా డ్రమ్ము దెబ్బ దగ్గర ఆవిడ వచ్చి నిలిచేవారు. అలా వచ్చినప్పుడల్లా పందిరంతా ఒక్కసారిగా ఈలలు వేసేదట.

ఏకాదశి మధ్యాహ్నం రథం కదిలింది. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోయినప్పుడు మా ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు. 2021లో కట్టిన కొత్త రథాన్ని చూడడం మాకు ఇదే మొదలు. తాడు పట్టుకునేవారి తోపులాటలో చెయ్యి వెయ్యడం మా వల్ల కాలేదు. స్వామి తన సోదరి గుర్రాలక్క గుడి దగ్గర ఆగి చీర సారె ఇచ్చి ముందుకు వెళ్ళడం చూసి, జీళ్ళు పావుకిలో 50 రూపాయలకు కొనుక్కుని, రేవుకు బయలుదేరాము.

ఏకాదశి సాయంత్రం: సఖినేటిపల్లి రేవు, నర్సాపురం

తీర్థం రద్దీలో నది దాటించే పంటు కోసం రెండు గంటలు నిలబడ్డాము. మనుషులు, మోటారు సైకిళ్ళు, కార్లు, కొబ్బరికాయల బస్తాలు అన్నీ ఒకే చెక్క మీద. కారును ఇవతలినుంచే పంపించేసి మనుషులుగా ఎక్కాము. తలకు 20 రూపాయలు. ఎండు మెత్తళ్ళ గంప పెట్టుకున్న ఒకావిడ చోటు చేసి, మా సంచీలు గంప పక్కన పెట్టించి, "వాసనొస్తాది, ఏటనుకోకండి" అంది. పాటలమ్మగారి ఇంటికని తెలిసి, దోసెడు మెత్తళ్ళు కాగితంలో పొట్లం కట్టి మాస్టారికిమ్మని ఇచ్చింది. "మా పెళ్ళికి రూపాయి పుచ్చుకోకుండా పాడారండి, మా అయ్య దగ్గర డబ్బుల్లేవని" అని చెప్పింది. అవతల మాధవాయిపాలెం రేవులో దిగేసరికి దీపాలు పెట్టేశారు.

మాస్టారికి ఎనభై దాటాయి. మిషన్ వీధికి రెండు సందుల ఇవతల పెంకుటిల్లు. వాకిట్లో నందివర్ధనం, లోపల మంచం, హార్మోనియం, గోడకు ఒకే ఒక్క ఫోటో. పూతరేకుల పెట్టె చూసి ఆయన ముందు కోప్పడి, తరువాత ఒకటి తిని, రెండోది కోడలు చూడకుండా దిండు కింద పెట్టుకున్నారు. మెత్తళ్ళ పొట్లం విప్పి వాసన చూసి, ఎవరిచ్చారో చెప్పకుండానే ఆ మనిషి పేరు చెప్పారు. ఆ రాత్రి వంకాయ మెత్తళ్ళ కూర దాంతోనే వండారు.

వారి కథ ముక్కలుగా నాకు ముందునుంచీ తెలుసు. ఆ రాత్రి ఆయన మొదటిసారి వరసగా చెప్పారు.

ఆవిడ తండ్రి రైల్వేలో ఫిట్టరు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పని చేసే వేలాది తెలుగువారిలో ఒకరు. ఖరగ్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఆంగ్లో ఇండియన్ బ్యాండు శనివారాలు నాట్యానికి వాయించేది. చర్చి పాటల గుంపులో పాడే ఈ తెలుగు పిల్లను ఆ బ్యాండువారు పిలిచి పాడించారు. రాత్రిళ్ళు షార్ట్‌వేవ్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా పెట్టుకుని, విల్లిస్ కానోవర్ నడిపే జాజ్ కార్యక్రమం విని, పాటలు నోటితోనే నేర్చుకున్నారు. 1963లో అమెరికా జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం మన దేశానికి వచ్చినప్పుడు వెళ్ళి వినడానికి తండ్రి ఒప్పుకోలేదని ఆవిడ చివరిదాకా చెప్పుకునేవారు. ఉద్యోగ విరమణ తరువాత తండ్రి కుటుంబంతో నర్సాపురం తిరిగి వచ్చేశాడు. ఆ ఊరిలో 1830ల నుంచి మిషనరీలు ఉన్నారు, లేసు అల్లిక ఉంది, చర్చి ఉంది. జాజ్ మాత్రం లేదు.

మాస్టారిది సన్నాయి మేళం కుటుంబం. తండ్రి సన్నాయి వదల్లేదు, కొడుకు మాత్రం బ్యాండు మేళంలో చేరి క్లారినెట్ పట్టాడు. ఒక క్రిస్మస్‌కు ముందు చర్చివారు బ్యాండును పిలిస్తే, కీర్తన వాయిస్తున్న ఈయనకు, వెనక వరసలోంచి ఒక అమ్మాయి తాను వాయించినదాన్నే కొంచెం వంచి తిరిగి పాడడం వినబడింది. తప్పు పాడుతోందనుకుని మళ్ళీ వాయించారు. మళ్ళీ ఇంకోలా వంచింది. "మూడోసారి నేనే ఒంచానండి. అంతే. ఇంక మా ఇద్దరికీ మాటలెందుకండీ" అన్నారు.

పెళ్ళికి ఇరువైపులా ఒప్పుకోలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకున్నారు. ఆయన వాళ్ళు ఆరేళ్ళు గుమ్మం తొక్కనివ్వలేదు, ఆవిడ వాళ్ళు చర్చిలో పక్కన కూర్చోలేదు. ఆ ఆరేళ్ళూ ఆవిడ లేసు అల్లారు. లేసు కొనే షావుకారు ముక్కకింతని లెక్కకట్టి ఇచ్చిన డబ్బులే బియ్యానికి ఆధారం. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఈ మధ్య అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. ఆ ముక్కలు అల్లిన వేళ్ళకు దక్కిన కూలి ఎంతో మాస్టారు చెప్పినప్పుడు మాత్రం చాలాసేపు మాట పెగలలేదు.

బ్యాండుతో ఆడది నడవడమేమిటన్న మాట మొదట్లో చాలా వచ్చింది. ఆవిడ పట్టించుకోలేదు. నాకు చాలాకాలం ఒక సందేహం ఉండేది: అమెరికా క్లబ్బుల్లో పుట్టిన సంగీతం మన వీధుల్లో ఎలా ఇమిడిందని. ఆ రాత్రి దానికి జవాబు దొరికింది. జాజ్ మొదట క్లబ్బుల్లో పుట్టలేదు. మిసిసిపీ నది డెల్టాలోని న్యూ ఆర్లియన్స్ రేవు పట్టణంలో, వీధి బ్యాండ్లు దానికి ప్రాణం పోశాయి. క్లారినెట్, బాకాలు, డ్రమ్ములు పట్టుకుని వారు ఊరేగింపులకు వాయించేవారు, శవయాత్రలకు కూడా వాయించేవారు. మన బ్యాండు మేళం చేసే పని అదే. ఖరగ్‌పూర్ బ్యాండులోని ముసలి బాకా వాద్యగాడు ఆవిడకు ఈ సంగతులన్నీ చెప్పాడట. మాటలు లేకుండా గొంతునే వాద్యంలా వాడే పాటను 1926లో అమెరికా జాజ్ బాకా వాద్యగాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డు దేశదేశాలకూ పరిచయం చేసిందనీ, దాన్ని వినే మాటలు లేని పాట నేర్చుకున్నాననీ ఆవిడ భర్తతో చెప్పారు. నదీ, రేవూ, బ్యాండూ అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. ఆవిడ నర్సాపురం వీధిలో పాడినప్పుడు పరాయి సంగీతాన్ని తెచ్చి అతికించలేదు, దాన్ని మరో వీధిలోకి నడిపించారు.

శవయాత్ర సంగతి కూడా ఆయనే ఎత్తారు. న్యూ ఆర్లియన్స్‌లో శ్మశానానికి వెళ్ళేటప్పుడు నెమ్మదైన కీర్తన, తిరిగి వచ్చేటప్పుడు హుషారైన పాట వాయిస్తారు. తనకూ అలాగే చెయ్యాలని ఆవిడ మాట తీసుకున్నారు. కిందటి మాఘంలో ఆయన సమాధుల తోట దాకా కీర్తన వాయిస్తూ నడిచారు. తిరుగుదారిలో పెళ్ళి వరస ఎత్తుకున్నారు. సంఘ పెద్దల్లో కొందరు మొహం తిప్పుకున్నారట. "ఇచ్చిన మాటండి. ఆవిడ కోసం ఆ మాత్రం మాట పడితే ఏం" అన్నారు.

ద్వాదశి, ఆదివారం: కూడిక

ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలోనే షామియానా వేశారు. పాస్టరుగారు వాక్యం చదివి, ఆవిడ పాట వల్ల చర్చికి రానివారు కూడా గేటు దగ్గర నిలబడి దేవుని మాట విన్నారని చెప్పారు. మాస్టారి అన్నదమ్ములు ముందు వరసలో కూర్చున్నారు. వారిలో ఒకరు బొట్టుతో వచ్చి, చేతిలో సన్నాయి పట్టుకున్నారు. ఒకప్పుడు గుమ్మం మూసిన ఇంటివారు ఇప్పుడు పక్కన కూర్చుని వాయిస్తారా అని నా కళ్ళు అటే ఉన్నాయి.

మాస్టారు వాద్యం జోడించడం నేను దగ్గరగా చూశాను. పెట్టె లోపల పరిచిన లేసు గుడ్డ ఆవిడ అల్లినదే. అంచున మామిడిపిందెలు, మధ్యలో ఒక చోట తప్పిన కుట్టు. ముక్కలు ఒక్కొక్కటీ తీసి, బెండు మీద కొబ్బరినూనె రాసి, మెల్లగా తిప్పి బిగించారు. రీడును, అంటే ఊదే చోట బిగించే పలుచని రెల్లు ముక్కను, నోట్లో పెట్టుకుని నానబెట్టి, వెలుతురుకు ఎత్తి చూసి, పెదవి విరిచి, ఇంకోటి తీశారు. అదీ నచ్చలేదు. మూడోది బిగించి, "పాతది. ఇదే చాలు" అన్నారు.

మొదట కీర్తన. తరువాత ఆవిడ బాగా పాడే వరస. నాలుగు దెబ్బల పాటు ఆయన వాయించి, నాలుగు దెబ్బలు ఆపేశారు. డ్రమ్ము మాత్రం నడుస్తోంది. మళ్ళీ వాయించి, మళ్ళీ ఆపేశారు. అది ఆవిడ జవాబు చెప్పే చోటు. మూడోసారి ఆ ఖాళీలో సన్నాయి పలికింది. తమ్ముడు అన్నగారి వరసను తన పద్ధతిలో, గమకంతో తిరిగి ఇచ్చాడు. మాస్టారు కళ్ళు తెరిచి అటు చూసి, తరువాతి వరసను ఇంకొంచెం కష్టంగా వంచారు. సన్నాయి తడబడింది, పట్టుకుంది. అప్పుడు వెనక వరసల్లోంచి లేసు అల్లే ఆడవాళ్ళు, ఆవిడ దగ్గర పాట నేర్చుకున్నవాళ్ళట, మాటల్లేని పాటతో ఆ ఖాళీ నింపడం మొదలుపెట్టారు. శ్రుతి అందరిదీ ఒకటి కాదు. తాళం మాత్రం వెంట్రుకవాసి వెనకే నడిచింది. మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మా ఊరేగింపులో క్లాక్ టవరు దగ్గర బ్యాండు ఆపి ఆవిడ పాడిన వరస ఇదే.

భోజనాలు బంతి మీద పెట్టారు. పలావు, కోడికూర, గోంగూర రొయ్యలు, పెరుగు చట్నీ, చివర పాలతాలికలు. ఖర్చులో పాలు పంచుకుంటామంటే కొడుకు ఒప్పుకోలేదు. ఊరందరూ తలా బస్తా బియ్యం, బుట్టెడు కూరలు పంపేశారనీ, రొయ్యలు రేవులోవాళ్ళవనీ, తమకు కట్టెల ఖర్చే పడిందనీ చెప్పాడు.

ద్వాదశి సాయంత్రం, తిరుగు ప్రయాణం

బయలుదేరేముందు మాస్టారు నన్ను పక్కకు పిలిచి, మంచి రీడులు ఇక్కడ దొరకడం లేదనీ, హైదరాబాదులో దొరికితే రెండున్నర నంబరువి ఒక పెట్టె పంపమనీ అడిగి, జేబులోంచి రెండు 500 నోట్లు తీశారు. తీసుకోకపోతే నొచ్చుకుంటారని తీసుకున్నాను. గుమ్మం దగ్గర మా ఇద్దరినీ నిలబెట్టి తల మీద చెయ్యి వేసి, మా ఆవిడతో "ఈయన చెప్పిందానికి ఒప్పేసుకోకమ్మా, కొంచెం ఒంచి చెప్పు" అన్నారు. అక్కడినుంచి పాలకొల్లు వెళ్ళి, క్షీరారామలింగేశ్వరుణ్ణి దర్శించుకుని, రాత్రి రైలెక్కాము.

రీడులు ఒక పాత వాద్యాల దుకాణంలో దొరికాయి. పెట్టె 2,400 రూపాయలు. చేరాక మాస్టారు స్వయంగా ఫోను చేశారు. పదింటిలో నాలుగే పనికొచ్చాయనీ, మిగిలినవి బాగా గట్టిగా ఉన్నాయి కనుక గీకి మెత్తబరుస్తున్నాననీ చెప్పారు. ఫాల్గుణంలో మొగల్తూరులో ఒక పెళ్ళి ఒప్పుకున్నారట. తమ్ముడు సన్నాయితో వస్తానన్నాడనీ, మనవడు సైడ్ డ్రమ్ము నేర్చుకుంటున్నాడు గాని తాళానికి మరీ ముందు పరిగెడుతున్నాడనీ, వాణ్ణి వెనక్కి లాగేసరికి తన ప్రాణం పోతోందనీ అన్నారు. వెనకనుంచి ఆ కుర్రవాడు వాయిస్తున్న డ్రమ్ము నాకు ఫోనులో వినబడుతూనే ఉంది.